కందిబద్దంత మందు

వంటింటి కబోర్డు తలుపు పూర్తిగా తెరిచి, టార్చి వేసి చూడండి. పై మడతబందు పక్కన, రెండు చెక్కలు కలిసే మూలలో, కందిబద్దంత గోధుమరంగు ముద్ద ఒకటి అంటుకుని ఉంటుంది. పని తెలిసినవాడు పెట్టి వెళ్లిన జెల్ చుక్క అది. అక్కడ మన చెయ్యి తగలదు, గిన్నె తగలదు, గట్టు తుడిచే తడిబట్ట తగలదు. తగలాల్సింది బొద్దింక మీసం ఒక్కటే. దానికి తప్పకుండా తగిలేచోటే చుక్క పడింది.

ఇంట్లో బొద్దింకలు పోగొట్టడం ఎవరూ గొప్పగా చెప్పుకునే పని కాదు. వడ్రంగి చెక్కిన తలుపును మెచ్చుకుంటాం. ఏటికొప్పాక లక్కబొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తాం. ఈ పనిలో అలా చూపించుకోవడానికి వస్తువేదీ మిగలదు. అర్ధరాత్రి మంచినీళ్లకని లేచి లైటు వేస్తే గట్టు మీద ఏదీ పరుగెత్తకపోవడమే పని బాగా జరిగిందనడానికి గుర్తు. కంటికి కనిపించని ఫలితం కాబట్టి దీని వెనకున్న నేర్పు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ నేర్పు మాత్రం ఏ చేతిపనికీ తీసిపోదని నా గట్టి నమ్మకం. పురుగు ఎలా బతుకుతుందో తెలుసుకుని, ఆ తెలివినంతా ఒక చుక్కలోకి, ఆ చుక్కను పెట్టే చోటులోకి దించడమే ఆ పనితనం.

ఇక్కడి వంటిళ్లు

తాళ్లపాలెం నుంచి నర్సీపట్నం వెళ్లే దారిలో ఉన్న మండల కేంద్రం మాకవరపాలెం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఈ ప్రాంతం చెరకు పంటకు, జీడితోటలకు పేరుపడింది. అనకాపల్లి బెల్లం మార్కెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి వంటింట్లో బెల్లం డబ్బా ఉండి తీరుతుంది. డబ్బా మూత చుట్టూ కారిన పాకం, అరలో రాలిన బెల్లప్పొడి, వానాకాలం వస్తే గోడల్లో దిగే చెమ్మ కూడా ఉంటాయి.

బొద్దింకకు మూడే కావాలి: తిండి, నీరు, ఇరుకు చోటు. మొదటి రెండూ మన వంటిళ్లలో ఎప్పుడూ ఉన్నాయి. మూడోది ఈ మధ్య బాగా పెరిగింది. గోడలో కట్టిన బండ గూళ్లు, పైన గిన్నెల వరస ఉన్న పాత వంటింట్లో దాగడానికి సందులు తక్కువ. ఇప్పుడు గ్యాసు గట్టు కింద వరసగా ప్లైవుడ్ కబోర్డులు కడుతున్నారు. సన్‌మైకా అంచు లేచిన చోట ఒక సందు, డ్రాయరు పట్టా వెనక ఒక సందు, సింకు పైపు గోడలోకి వెళ్లే కన్నం చుట్టూ సిమెంటు మెత్తకుండా వదిలేసిన ఖాళీ. ఫ్రిజ్ కింద మోటారు వెచ్చదనం ఏడాది పొడవునా ఉంటుంది. ఇల్లు ఎంత అందంగా ఉన్నా, పురుగు కంటికి కనిపించేవి ఆ సందులే.

ఎదురున్నది ఎవరు?

మన ఇళ్లలో ముఖ్యంగా రెండు రకాలు తిరుగుతాయి. తూము దారిన, సెప్టిక్ ట్యాంకు దారిన, కాలువ దారిన వచ్చే ఎర్రటి పెద్ద బొద్దింక ఒకటి. దాని శాస్త్రీయ నామం పెరిప్లానెటా అమెరికానా. పేరులో అమెరికా ఉన్నా దాని మూలాలు ఆఫ్రికావి. దాని నివాసం బయటే కాబట్టి తూములు, కన్నాలు మూయడంతోనే సగం పని అయిపోతుంది. రెండోది సుమారు అరంగుళం ఉండే చిన్న బొద్దింక, మెడ మీది కవచాన రెండు నల్ల చారలు ఉంటాయి. వంటింట్లో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే చచ్చేది ఇదే. అసలు పనితనమంతా దీని దగ్గరే కావాలి.

ఈ చిన్నదాని పేరు బ్లాటెల్లా జర్మానికా. లిన్నేయస్ 1767లో దానికి జర్మనీ పేరు తగిలించాడు. దాని పుట్టిల్లు మాత్రం మనకు చాలా దగ్గర. 17 దేశాల నుంచి సేకరించిన 281 బొద్దింకల జన్యువులను పోల్చి 2024లో ప్రచురించిన ఒక పరిశోధన ఆ సంగతి తేల్చింది. సుమారు 2,100 ఏళ్ల కిందట, భారతదేశంలోనో మయన్మార్‌లోనో, ఆరుబయట ఆకుల చెత్తలో బతికే ఆసియా బొద్దింక నుంచి ఇది విడిపోయి మనిషి ఇంట్లోకి చేరింది. సుమారు 1,200 ఏళ్ల కిందట పశ్చిమాసియాకు పాకింది. ఆ తర్వాత ఐరోపా వ్యాపారుల ఓడలెక్కి లోకమంతా తిరిగింది. బంగాళాఖాతం తీరాన మన తాతముత్తాతలు వండుకు తింటున్న రోజుల నుంచీ మన తిండిని, మన అలవాట్లను ఇది నేర్చుకుంటూ వస్తోంది. ఇంత పాత పరిచయం ఉన్నదాన్ని ఒక డబ్బా స్ప్రేతో పంపించేద్దామనుకోవడం అత్యాశ.

దాని సంసారం చూడండి. ఆడది ఒక్కో గుడ్ల తిత్తిలో 30 నుంచి 40 గుడ్లు పెడుతుంది. పెద్ద బొద్దింకలా తిత్తిని ఎక్కడో వదిలెయ్యదు. పిల్లలు బయటికొచ్చే ముందు వరకూ, అంటే మూడు నాలుగు వారాల పాటు, తోక దగ్గర పట్టుకుని మోస్తూనే ఉంటుంది. మోస్తున్నన్నాళ్లూ సందు దాటి పెద్దగా బయటికి రాదు, తిండి కూడా తక్కువే. తిత్తి లోపలి గుడ్లకు స్ప్రే తగలదు. మన వేడికి రెండు మూడు నెలల్లో పిల్లలు పెద్దవై మళ్లీ తిత్తులు మోస్తాయి.

ఇక సందుల సంగతి. ఒంటికి పైనా కిందా ఏదో ఒకటి ఆనుకుని ఉంటే తప్ప దీనికి కుదురుండదు. పెద్దవి సుమారు 5 మిల్లీమీటర్ల సందును ఇష్టపడతాయి, పిల్లలకు అందులో మూడో వంతు చాలు. బొద్దింక ఒళ్లు ఎంతగా అణుగుతుందో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో కౌశిక్ జయరామ్, రాబర్ట్ ఫుల్ 2016లో కొలిచి చూపించారు. పెద్ద బొద్దింక 3 మిల్లీమీటర్ల సందులోంచి క్షణంలో దూరిపోతుంది, తన బరువుకు 900 రెట్లు మీద పడినా దెబ్బ తినకుండా లేస్తుంది. చెప్పు దెబ్బకు తప్పించుకుని మళ్లీ కనిపించే బొద్దింక రహస్యం అదే.

స్ప్రే ఎందుకు ఓడిపోతుంది?

బజారులో దొరికే స్ప్రేలు, గీతలు గీసే సుద్దముక్కలు చాలావరకు పైరిత్రాయిడ్ జాతి మందులు. కళ్లెదుట ఉన్న పురుగును అవి పడగొడతాయి. ఆ పడిపోవడం చూసి మనకు తృప్తిగా ఉంటుంది. కానీ కళ్లెదుటికి వచ్చేవి ఎప్పుడూ కొన్నే. మిగతావి ఆ ఘాటుకు చెదిరి, గ్యాసు గట్టు కింద నుంచి ఫ్రిజ్ వెనక్కి, అక్కడి నుంచి పక్క గదిలోకి పాకుతాయి. ఒకచోట ఉన్న కాపురం నాలుగుచోట్ల వెలుస్తుంది. తట్టుకుని బతికినవి తమ తట్టుకునే గుణాన్ని పిల్లలకు ఇస్తాయి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన పరిశోధనలో మందును తట్టుకునే శక్తి ఒక్క తరంలోనే నాలుగు నుంచి ఆరు రెట్లు పెరగడం కనిపించింది.

బిర్యానీ ఆకు, లవంగాలు, కలరా ఉండలు పెట్టేవాళ్లూ ఉన్నారు. వాసన నచ్చకపోతే పురుగు ఆ అర వదిలి పక్క అరలోకి మారుతుందే తప్ప ఇల్లు వదలదు. పారదోలడం కంటే పిలిచి తినిపించడం మేలు అన్న ఆలోచన దగ్గర ఈ పని అసలు మలుపు తిరిగింది.

చుక్కలో ఏముంది?

ఎరలో పెట్టి తినిపించడం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్‌ను పంచదార, గోధుమపిండి, తరిగిన ఉల్లిపాయతో కలిపి ఉండలు చేసి మూలల్లో పెట్టే అమ్మలు ఎప్పటి నుంచో ఉన్నారు. ఆ ఆలోచన చాలా మంచిది. బోరిక్ నెమ్మదిగా పనిచేసే విషం, కడుపులోకి వెళ్తేనే పనిచేస్తుంది, ఘాటు లేదు కాబట్టి పురుగు అనుమానపడదు. ఉండలు ఎండి రాయిలా అయిపోవడమే దాని బలహీనత. పొడిగా చల్లేవాళ్లు గుప్పెళ్లతో పోస్తే పురుగు ఆ గుట్టను చుట్టి వెళ్లిపోతుంది. కంటికి ఆనీ ఆననంత పలచగా చల్లితేనే కాళ్లకు, మీసాలకు అంటుకుంటుంది. తర్వాత ఒళ్లు నాక్కుంటున్నప్పుడు కడుపులోకి వెళ్తుంది. ఇక్కడ కూడా నేర్పు తక్కువ వెయ్యడంలోనే ఉంది.

జెల్ ఈ ఆలోచననే మెరుగుపరిచింది. అందులో పురుగుకు నచ్చే తిండి ఉంటుంది, ఆ తిండి ఎండిపోకుండా పట్టి ఉంచే తేమ ఉంటుంది, విషం మాత్రం అతి కొద్దిగా ఉంటుంది. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్, ఇండాక్సాకార్బ్ ఈ జెల్స్‌లో వాడే మందులు. విషం పాలు ఇంత తక్కువ ఉంచడానికి కారణం పొదుపు కాదు. పాలు పెరిగితే రుచి తేడా కొడుతుంది, పురుగు నోరు పెట్టదు. తక్షణం చంపేస్తే ఆ చావు ఎర పక్కనే జరిగి, విషం అక్కడే ఆగిపోతుంది. కొన్ని గంటలు ఆలస్యంగా పనిచేస్తే పురుగు తన సందులోకి తిరిగి వెళ్లి, తనవాళ్ల మధ్య చస్తుంది. ఆ కొన్ని గంటల ఆలస్యాన్ని లెక్కగట్టి మందులో పెట్టిన బుర్రలకు నమస్కారం పెట్టాలి.

ఇండాక్సాకార్బ్ పనితీరు మరీ ముచ్చటైనది. అది డబ్బాలో ఉన్నంతసేపు పూర్తి విషం కాదు. పురుగు తిన్నాక, దాని ఒంట్లో తిండిని విరగ్గొట్టే ఎంజైములే ఈ మందునూ విరగ్గొట్టి అసలు విషంగా మారుస్తాయి. ఆ విషం నరాల్లోని సోడియం దారులను మూసేస్తుంది. కదలికలు తప్పి, పురుగు వెల్లకిలా పడిపోతుంది. తనను చంపే మందును తన ఒంట్లోనే అది తయారుచేసుకుంటుందన్నమాట.

ఆ తర్వాత జరిగేది ఇంకా లోతైన సంగతి. బొద్దింక పిల్లలు సందు దాటి దూరం వెళ్లవు. పెద్దవి వేసిన రెట్టలు తిని బతికేస్తాయి. ఆకలేస్తే చచ్చిన తోటివాటినీ తింటాయి. ఎర జోలికే రాని పిల్లలకు, ఎర తిన్న పెద్దవాటి రెట్టల ద్వారా మందు చేరుతుంది. పర్డ్యూలోనే గ్రెగ్ బుచ్‌కోవ్‌స్కీ, గ్యారీ బెన్నెట్ బృందం 2008లో ఇండాక్సాకార్బ్ మీద చేసిన పరిశోధనలో మందు అక్కడితోనూ ఆగలేదు. ఎర తిన్న పురుగు నుంచి పిల్లలకు, ఆ పిల్లల నుంచి మళ్లీ పెద్ద పురుగులకు, మూడో వరస దాకా వెళ్లింది. కందిబద్దంత చుక్క కబోర్డు ఖాళీ చెయ్యడం వెనక కిటుకు ఇదే. మనం వేలు పెట్టలేని సందులోకి మందును మోసుకుపోయే పని పురుగుకే అప్పగించారు.

చేదెక్కిన తీపి

ఈ కథలో పురుగు కూడా తక్కువది కాదు. 1980లలో వచ్చిన ఎరల్లో తీపి కోసం గ్లూకోజు ఉండేది. కొన్నాళ్లకు ఫ్లోరిడాలోని ఒక అపార్ట్‌మెంటులో బొద్దింకలు ఆ ఎరను ముట్టడం మానేశాయి. అవి మందును తట్టుకోవడం నేర్చాయని మొదట ఎవరైనా అనుకుంటారు. జూల్స్ సిల్వర్‌మన్ అనే కీటక శాస్త్రవేత్త ఎరలోని ఒక్కో పదార్థాన్నీ విడదీసి పరీక్షించాడు. అవి వద్దంటున్నది విషాన్ని కాదు, గ్లూకోజును. ఆ గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తోంది. 1993లో ఆ సంగతి ప్రచురించాడు. అది ఎలా సాధ్యమో తెలియడానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది. 2013లో అయాకో వాడా-కత్సుమాతా, సిల్వర్‌మన్, కోబీ షాల్ కలిసి నార్త్ కరోలినాలో దాని గుట్టు విప్పారు. ఆ బొద్దింకల నోటి దగ్గర చేదును పసిగట్టే నాడీకణాలు గ్లూకోజుకు కూడా స్పందిస్తున్నాయి. వాటి నాలుకకు తీపి చేదుగా తగులుతోంది.

తిండికి విషం కలిపి పెడితే, ఆ తిండి రుచినే మార్చుకున్న పురుగు అది. అప్పుడు ఎర తయారుచేసేవాళ్లు ఏం చేశారు? విషం పాలు పెంచలేదు. వంట మార్చారు. గ్లూకోజు తీసి ఇతర చక్కెరలు వేశారు. ఇప్పటికీ ఒకే రకం జెల్‌ను ఏళ్ల తరబడి వాడితే పురుగు దాని నుంచి తప్పుకునే దారి వెతుక్కుంటుంది. అందుకే మంచి పనివాడు కొన్ని నెలలకోసారి జెల్ రకం మారుస్తాడు. ట్యూబు మీద కంపెనీ పేరు మారినంత మాత్రాన చాలదు, లోపలి మందు పేరు మారాలి. కస్టమరు అడగని, బిల్లులో కనిపించని జాగ్రత్త అది.

చేతి నేర్పు

మాకవరపాలెంలో మాకు బాగా తెలిసినవాళ్ల ఇంట్లో ఈ పని మొదటి నుంచి చివరిదాకా పక్కన నిలబడి చూశాను. నర్సీపట్నం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. భుజాన పంపు లేదు. చేతిలో టార్చి, సంచిలో జిగురు అట్టలు, సన్నటి ముక్కున్న జెల్ సిరంజి. వంటింట్లోకి వెళ్లగానే మందు తియ్యలేదు. మోకాళ్ల మీద కూర్చుని కబోర్డులు ఒక్కొక్కటే తెరిచి, టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేస్తూ మూలలు చూశాడు. నిటారుగా వెలుగు పడితే మరకలన్నీ ఒకలాగే కనిపిస్తాయట. ఏటవాలుగా పడితే గరుకు తేలుతుంది.

అతను వెతుకుతున్నది బొద్దింకల కోసం కాదు, వాటి రెట్టల కోసం. మిరియప్పొడి రాల్చినట్టు నల్లటి చుక్కలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో అక్కడ గుర్తు పెట్టుకున్నాడు. ఆ చూపు వెనక గట్టి శాస్త్రం ఉంది. బొద్దింకలు ఒకచోట గుంపు కట్టేది ఆ రెట్టల వాసనకే. ఆ వాసనలో ముఖ్యమైన పాలు వాటి పేగుల్లోని బాక్టీరియా తయారుచేస్తుందని 2015లో నార్త్ కరోలినా పరిశోధకులే చూపించారు. కుర్రాడికి ఆ పరిశోధన తెలుసో లేదో నేను అడగలేదు. అతని చేతికి మాత్రం దాని సారం తెలుసు.

తర్వాత సిరంజి తీశాడు. నొక్కాడు, తిప్పాడు, ఎత్తాడు. ఆ తిప్పడం వల్ల జెల్ తీగ సాగకుండా చుక్క చుక్కగా తెగుతోంది. మడతబందు పక్కన ఒకటి, డ్రాయరు పట్టా వెనక రెండు, సింకు పైపు కన్నం అంచున రెండు, ఫ్రిజ్ మోటారు పళ్లేనికి కొంచెం ఎడంగా మూడు. వేడి తగిలే చోట జెల్ కారిపోతుందని ఆ ఎడం. గ్యాసు గట్టు పైన, గిన్నెలు పెట్టే అరల మీద ఒక్క చుక్క కూడా వెయ్యలేదు. రెట్టలు దట్టంగా ఉన్నచోట చుక్కలు దగ్గర దగ్గరగా, పలచగా ఉన్నచోట దూరం దూరంగా పడుతున్నాయి.

ఇంటావిడకు అనుమానం వచ్చింది.

"అంతేనా బాబూ? మందు కొట్టవా?"

"కొడితే చెదిరిపోతాయమ్మా. ఇవి తినాలి."

"మరి ఇంకాస్త ఎక్కువ పెట్టకూడదా? ఇంత చిన్న చుక్క ఏం సరిపోతుంది?"

"పెద్దది పెడితే పైన పెచ్చు కట్టేస్తుందమ్మా. చిన్నవి నాలుగు పెడితే నాలుగు దారుల్లో తగులుతాయి."

ఆ మాటలో పనంతా ఉంది. జెల్ వాసన గది ఆ చివరి నుంచి బొద్దింకను లాక్కురాదు. రాత్రిపూట తన దారిన అది వెళ్తున్నప్పుడు చుక్క మీసానికి తగలాలి. ఆ దారులు ఎప్పుడూ గోడ అంచు వెంట, చెక్క మూల వెంట ఉంటాయి. కాబట్టి మందు ఎంతన్నది కాక, ఎన్ని దారుల్లో ఉందన్నదే లెక్క. చివరికి జిగురు అట్టలు సింకు కింద, ఫ్రిజ్ పక్కన, గ్యాసు సిలిండరు వెనక పెట్టాడు. వాటితో పురుగులు పోతాయని కాదు, లెక్క తెలియడానికి. మళ్లీ వచ్చినప్పుడు ఏ అట్టకు ఎన్ని అంటుకున్నాయో చూస్తే కాపురం ఇంకా ఎక్కడుందో తెలుస్తుంది. అట్ట మీద పిల్లలే ఎక్కువుంటే గూడు దగ్గర్లోనే ఉన్నట్టు.

వెళ్తూ రెండు మాటలు చెప్పాడు. "ఈ పదిహేను రోజులూ కబోర్డుల్లో ఏ స్ప్రే కొట్టకండమ్మా. చుక్కల మీద ఫినాయిలు బట్ట పెట్టకండి." ఘాటు తగిలిన ఎరను బొద్దింక ముట్టదు. రెండు వారాలకు మళ్లీ వస్తానన్నాడు. ఆ గడువుకీ కారణం ఉంది. మొదటి విడతలో తిత్తి మోస్తూ సందులోనే ఉండిపోయిన ఆడవాటిలో కొన్ని అప్పటికి పిల్లల్ని వదిలి, ఆకలితో బయటికొస్తాయి. వాటికి తాజా చుక్కలు సిద్ధంగా ఉండాలి. మొదటి విడతకే బొద్దింకలు కనబడటం లేదని రెండో విడత మానేసేవాళ్లు చాలామంది. కొన్ని నెలలకు మళ్లీ మొదటికొస్తుంది.

ఇంటావిడ పనితనం

పనివాడి నేర్పుకు సగం బలం ఇంట్లోవాళ్ల నుంచి రావాలి. ఆ ఇంటావిడ చేసినవి ఇక్కడ చెప్పి తీరాలి. బెల్లం, పంచదార, అటుకులు బిగుతు మూతల డబ్బాల్లోకి మార్చారు. రాత్రి అంట్లు తోమకుండా సింకులో వదిలెయ్యడం మానేశారు. పడుకునే ముందు సింకును, గట్టును పొడిబట్టతో తుడిచారు. కారుతున్న కుళాయికి వాషరు వేయించారు. ఈ చివరి రెండు పనుల విలువ చాలామందికి తెలియదు. చిన్న బొద్దింక తిండి లేకుండా చాలా రోజులు లాగుతుంది కానీ, నీరు కూడా లేకపోతే రెండు వారాలు గడవడం కష్టం. తిండీ నీరూ మరోచోట దొరక్కపోతే, తేమతో ఉన్న జెల్ చుక్క దానికి విందు. గట్టు మీద పప్పు మెతుకులు, పాలచుక్కలు ఉంటే ఆ చుక్కకు గిరాకీ ఉండదు. శుభ్రం చెయ్యడమంటే ఎరకు పోటీ లేకుండా చెయ్యడం.

మేస్త్రీని పిలిచి పైపు కన్నాల చుట్టూ తెల్ల సిమెంటు మెత్తించారు. తూములకు జాలీలు బిగించారు. పెద్ద బొద్దింకల రాక అక్కడితో తగ్గింది. కిరాణా అట్టపెట్టెలు ఇంట్లో దాచడం మానేశారు. గుడ్ల తిత్తులు, పిల్లలు ఇంట్లోకి వచ్చే దారుల్లో అట్టపెట్టెల మడతలు కూడా ఒకటి.

ఇదంతా అసహ్యం పోగొట్టుకోవడానికి మాత్రమే కాదు. బొద్దింక రెట్టలు, ఒంటి పొలుసులు, లాలాజలం ఎండి దుమ్ములో కలిసి పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. బొద్దింకల ఎలర్జీ ఉండి, పడకగదిలో ఆ దుమ్ము ఎక్కువున్న పిల్లలు ఉబ్బసంతో ఎక్కువసార్లు ఆసుపత్రి పాలవుతున్నారని అమెరికా నగరాల్లో జరిగిన పెద్ద పరిశోధన 1997లోనే చూపించింది. పురుగులు పోయాక కబోర్డుల లోపలి రెట్టల మరకలను సబ్బునీళ్లతో కడిగితేనే ఆ దుమ్ము పోతుంది, గుంపు కట్టించే వాసన కూడా పోతుంది.

సొంతంగా చేసుకోదలచినవాళ్లు ఒక్క సంగతి మరవకూడదు. జెల్ చుక్క చిన్నదే అయినా విషమే, బోరిక్ పౌడర్ కూడా విషమే. పాకే పిల్లలు, పెంపుడు కుక్క, పిల్లి అందుకోలేనిచోట పెట్టాలి, చేతులు కడుక్కోవాలి. మన దేశంలో పురుగుమందులన్నీ 1968 చట్టం కింద రిజిస్టరు కావాలి. లేబుల్ మీద ఆ నంబరు, మందు పేరు, విషం తీవ్రత చెప్పే రంగు త్రికోణం ఉండాలి. అన్నిటికన్నా తీవ్రమైనదానికి ఎరుపు, తర్వాత పసుపు, నీలం, అతి తక్కువదానికి ఆకుపచ్చ. లేబుల్ లేకుండా పొట్లం కట్టి అమ్మే మందు ఎంత బాగా పనిచేస్తుందని చెప్పినా ఇంట్లోకి తేకూడదు.

గుర్తించడం ఎలా?

రెండో విడతకు కుర్రాడు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. జిగురు అట్టలు తీసి వెలుగులో తిప్పి చూశాడు. సింకు కింది అట్ట దాదాపు ఖాళీ. ఫ్రిజ్ పక్కన అట్ట మీద సన్నటి పిల్లలు కొన్ని. వెంటనే ఫ్రిజ్ జరిపించి, తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడత విప్పి చూశాడు. అక్కడుంది మిగిలిన కాపురం. మడత కింది అంచున, తలుపుకు అవతలి వైపు, కొత్త రకం జెల్‌తో నాలుగు చుక్కలు పెట్టి లేచాడు. ఇంటావిడ టీ ఇచ్చి, అడిగినదాని మీద మరో వంద కలిపి చేతిలో పెట్టారు. ఆమె చేసింది సరైన పని.

ఈ పనికి మన ఊళ్లలో ఇంకా తగిన గౌరవం రాలేదు. ఇల్లంతా ఘాటు నింపి, రెండు గంటలు బయట కూర్చోమని చెప్పేవాడే గట్టిగా పనిచేసినట్టు మనకు అనిపిస్తుంది. ఆ ఘాటుకే డబ్బులిస్తున్నాం. నిజానికి డబ్బు ఇవ్వాల్సింది చూపుకు, ఓపికకు, రెండు వారాలకు మళ్లీ వచ్చి అట్టలు లెక్కపెట్టే బాధ్యతకు. ఈసారి మీ ఇంటికి ఎవరినైనా పిలిస్తే, వంటింట్లోకి అడుగు పెట్టగానే అతని చేతిలోకి ముందు ఏది వచ్చిందో చూడండి. టార్చి వస్తే, అడిగినంత ఇచ్చి, మళ్లీ ఎప్పుడొస్తాడో రాసి పెట్టుకోండి.